బోరులో ఫ్లోరైడ్ 3.8. మూలపడ్డ ఆర్ఓ ప్లాంటు బాగు చేయించాలా, పాత బావి వైపు చూడాలా?

పెన్‌గంగ కోడలు (పాటన్‌బోరి దగ్గర, యవత్‌మాల్ జిల్లా)

అందరికీ నమస్తే. మాది కేళాపూర్ తాలూకాలో పాటన్‌బోరికి దగ్గరి ఊరు. పెన్‌గంగ దాటితే ఆదిలాబాద్ జిల్లా. 240 ఇళ్లు, దాదాపు 1100 మంది. సగం ఇళ్లలో తెలుగే, పిల్లల చదువు మాత్రం మరాఠీలో. నేను బచత్ గట్ (ఆడవాళ్ల పొదుపు సంఘం) చూసుకుంటాను. ఈసారి గ్రామసభలో నన్ను తాగునీటి కమిటీలో కూడా వేశారు. అందుకే తెలిసినవాళ్లను అడుగుతున్నాను.

మా నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. జల్ సురక్షక్ (ఊరి నీళ్లు చూసే పంచాయతీ మనిషి) బాటిళ్లు పట్టుకెళ్లి ఇస్తే రిపోర్టు ఇలా వచ్చింది, లీటరుకు మిల్లీగ్రాముల్లో: ట్యాంకుకు ఎక్కించే పెద్ద బోరు 3.8, బడి దగ్గరి బోరు 2.3, మారుతి గుడి వెనక పాత బావి 0.6. ఒకటి లోపు ఉండాలి, వేరే దారి లేకుంటే 1.5 దాకా ఫరవాలేదు అని కాగితం కిందనే ఉంది.

కొన్నేళ్ల కింద ఊళ్లో ఆర్ఓ ప్లాంటు పెట్టారు. కార్డు గీస్తే 5 రూపాయలకు 20 లీటర్లు. ఏడాదిన్నర బాగానే నడిచింది. తర్వాత ధార సన్నబడింది, నీళ్లు మళ్లీ ఉప్పగా వచ్చాయి, పెట్టినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ఇప్పుడు దానికి తాళం. చేతిలో పైసలున్నవాళ్లు రోడ్డు మీద అమ్మే క్యాన్లు కొంటున్నారు. లేనివాళ్లు ట్యాంకు నీళ్లే తాగుతున్నారు, అంటే 3.8.

మా చిన్నదానికి తొమ్మిదేళ్లు. పై పళ్ల మీద సున్నం గీసినట్టు తెల్లటి అడ్డగీతలు, మధ్యలో గోధుమరంగు మచ్చలు. ఫోటో తీస్తామంటే పెదవులు బిగపడుతుంది. మా అత్తమ్మ మెడ తిప్పి చూడలేదు, పిలిస్తే ఒళ్లంతా మన వైపు తిరుగుతుంది. మా అమ్మగారిల్లు నది అవతల జైనథ్ మండలంలో. అక్కడ ఇంట్లోకే భగీరథ నల్లా వచ్చింది. మా అన్న పిల్లల పళ్లు చూసి ఇంటికొచ్చిన రోజు నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు పంచాయతీ దగ్గర తాగునీటి పని కోసం రెండు లక్షల దాకా ఉంది. సర్పంచ్ ముందు మూడు మాటలున్నాయి. పాత ఆర్ఓకు మెంబ్రేన్లు (నీళ్లు వడగట్టే పొరలు) మార్చడం, అయ్యే ఖర్చు 1,80,000 అని ఒకాయన రాసిచ్చాడు. రెండోది ఇంకా లోతుకు, నాలుగు వందల అడుగులకు కొత్త బోరు. మూడోది నా మాట, గుడి వెనక బావి. దాన్ని అందరూ నవ్వి కొట్టేస్తున్నారు. ఈ రోజుల్లో బావి నీళ్లు ఎవరు తాగుతారంటున్నారు.

ఒకసారి చేస్తే పదేళ్లు నిలవాలి, ఊరే నడుపుకోగలగాలి. ఏది చేస్తే బాగుంటుంది?

---

ఆర్లీ రోడ్డు

అక్కా, ఇంటికొక ఫిల్టరు కొనుక్కోవడమే నయం. ఊరుమ్మడి పని ఎప్పుడూ ఆగిపోయేదే. బ్యాంకు లోను పెట్టి బచత్ గట్ నుంచే ఇప్పించండి.

---

కిన్వట్ నీళ్ల ల్యాబ్ (రిటైర్డ్)

అమ్మా, ముందు అంకెలు పెట్టి అడిగినందుకు సంతోషం. చాలామంది "మా నీళ్లు మంచివి కావు" అని ఆగిపోతారు, దాంతో చెప్పడానికి ఏమీ దొరకదు. నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. మా కిన్వట్ వైపు కూడా ఇదే బాధ, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

లోతు బోరు మాట దయచేసి అక్కడే ఆపించండి. మన వైపు ఫ్లోరైడ్ ఎవరో కలిపింది కాదు, రాయిలో ఉన్నది. మీ పాండర్‌కవడ ప్రాంతంలో పైన నల్లరాయి, దాని కింద పెన్‌గంగ సున్నపురాయి, ఇంకా కింద పాత గ్రానైటు జాతి రాళ్లు. నీళ్లు ఎంత లోతున, ఎంత కాలం రాయిని అంటుకుని ఉంటే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. అటువంటి నీళ్లలో సోడా గుణం పెరిగి కాల్షియం తగ్గుతుంది, కాల్షియం తగ్గినకొద్దీ ఫ్లోరైడ్ ఇంకా కరుగుతుంది. మీ ఇలాకాలో పది దాటిన బోర్లు కూడా ఉన్నాయి. అదే ఊళ్లో, అదే పొలంలో, తక్కువ లోతు బావిలో ఒకటి లోపు ఉంటుంది, ఎందుకంటే ఆ నీళ్లు నిన్నమొన్నటి వానవి. నాలుగు వందల అడుగులకు దించితే మీకు నీళ్లు ఎక్కువ రావచ్చు, ఫ్లోరైడ్ కూడా ఎక్కువ రావచ్చు. ఫ్లోరైడ్ పెరగదని పూచీ ఎవరిస్తారు?

మీ 0.6 బావి మీ ఊరి ఆస్తి. మందు కలపకుండా, కరెంటు కాల్చకుండా దేవుడిచ్చిన మంచి నీళ్లు అవి. నవ్వేవాళ్లకు ఆ రిపోర్టు చూపించండి.

ఇక ఎంత నీరు కావాలో చూద్దాం. కేంద్రం వాళ్ల నల్లా నీళ్ల పథకం జల్ జీవన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. మీ ఊరికి 60 వేల లీటర్లు అవుతుంది. అంతా శుద్ధి చేయాలనుకుంటే ఏ పంచాయతీ వల్లా కాదు, చేయాల్సిన పని కూడా లేదు. స్నానం, బట్టలు, గిన్నెలు, పశువులు కడగడం, వీటికి 3.8 నీళ్లు వాడినా ఒంటికి పట్టదు. మంచి నీళ్లు కావాల్సింది నోట్లోకి పోయేదానికి మాత్రమే: తాగడం, అన్నం పప్పు వండటం. మనిషికి 8 లీటర్లు వేసుకోండి. 1100 మందికి తొమ్మిది వేల లోపే. వంట నీళ్లు మరిచిపోకండి, చాలామంది క్యాను నీళ్లు తాగి, బోరు నీళ్లతో వండుకుంటారు. అన్నం ఎసరంతా పీల్చుకుంటుంది కదా, అందులోని ఫ్లోరైడ్ కంచంలోకే వస్తుంది.

ఆ తొమ్మిది వేల లీటర్లు బావి ఇవ్వగలదా అన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. ఎండాకాలం నడిమధ్య, మే నెలలో, మోటారు పెట్టి తోడి, మళ్లీ ఎంతసేపట్లో ఎంత ఊరుతుందో గీత పెట్టి చూడండి. వానాకాలంలో చూస్తే ఏ బావి అయినా గొప్పగానే కనిపిస్తుంది. మేలో ఎనిమిది వేలు ఇచ్చినా చాలు, ఎందుకంటే కలుపుకోవచ్చు. నాలుగు డ్రమ్ముల బావి నీళ్లకు (0.6) ఒక డ్రమ్ము బడి బోరు నీళ్లు (2.3) కలిపితే లీటరుకు 0.94 అవుతుంది. ఒకటి లోపే. ఎనిమిది వేలకు రెండు వేలు కలిపితే పది వేలు, మీ ఊరికి సరిపోతుంది. పెద్ద బోరు జోలికి పోవద్దు, 3.8ని ఒకటి లోపుకు దించాలంటే ఏడింతలకు పైగా బావి నీళ్లు కావాలి. నీళ్లు సమృద్ధిగా ఉన్న నెలల్లో అసలు కలపనే వద్దు.

ఇప్పుడు ఆర్ఓ. నేను దానికి శత్రువును కాదు, ఫ్లోరైడ్‌ను బాగా తీస్తుంది. అయితే మీ నీళ్లతో లెక్క వేయండి. తొమ్మిది వేల లీటర్ల మంచినీళ్లు రావాలంటే, వందకు నలభై వచ్చే ప్లాంటులో 22,500 లీటర్లు తోడాలి. మిగతా 13,500 లీటర్లు వృథా నీరు. 3.8తో మొదలైన ఫ్లోరైడ్ దాంట్లో చిక్కబడి ఆరు దాటుతుంది. ఆ పైపు ఎక్కడికి పోతుంది? నేను చూసిన చాలా ఊళ్లలో ప్లాంటు వెనక గుంతలోకి. అక్కడి నుంచి భూమిలోకి, మళ్లీ మీ బోరులోకి, ఇంకా దగ్గరుంటే మీ 0.6 బావిలోకి. ఒక మూల శుద్ధి చేస్తూ ఇంకో మూల నేలను పాడు చేసుకున్నట్టే.

ఖర్చు కూడా కొన్న రోజు ధర చూసి తేల్చకండి. పదేళ్ల కాగితం రాయించండి. మెంబ్రేన్ మంచిగా చూసుకుంటే రెండు మూడేళ్లు, పదేళ్లలో నాలుగైదు సార్లు మార్చాలి. పొర కట్టకుండా వేసే మందు, కాట్రిడ్జులు, పంపు రిపేరు, కరెంటు, పరీక్షలు. అన్నిటికన్నా పెద్దది మనిషి జీతం: నెలకు ఆరు వేలు ఇచ్చినా పదేళ్లకు 7,20,000. మీకు రాసిచ్చిన 1,80,000లో ఇవేవీ లేవు. అది ఏడాదిన్నరకు మళ్లీ ఆగితే మీ దగ్గర బావి పైసలు కూడా ఉండవు.

మిగతా పద్ధతులు మీకు ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి చెప్తున్నాను. నల్గొండ పద్ధతి మన నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు 1975లో తెచ్చింది. పటిక, దానిలో ఇరవయ్యో వంతు సున్నం, బ్లీచింగ్ వేసి కలిపి, మడ్డి తేర్చి, వడగట్టడం. సామాను అంతా కిరాణా కొట్లో దొరుకుతుంది, అది దాని గొప్పతనం. అయితే పటిక లీటరుకు వందల మిల్లీగ్రాములు పడుతుంది, నీళ్లను బట్టి మోతాదు మారుతుంది, తప్పితే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. రోజూ మడ్డి ఎత్తిపోసే ఓపిక కూడా కావాలి. రెండోది యాక్టివేటెడ్ అల్యూమినా. గుళికల మీదుగా నీళ్లు పారితే ఫ్లోరైడ్ వాటికి పట్టుకుంటుంది. గుళికలు నిండాక కాస్టిక్ సోడాతో కడిగి, యాసిడ్‌తో సరిచేయాలి. ఇంటి ఫిల్టరు అయితే రెండు మూడు నెలలకోసారి ఆ పని. మన సోడా నీళ్లలో ఇంకా తొందరగా నిండుతుంది. కడిగే మనిషి ఊళ్లో లేకుంటే ఆ డబ్బా ఊరికే అలంకారం. బావి మేలో చేతులెత్తేస్తేనే వీటి గురించి ఆలోచిద్దాం.

పై తమ్ముడు ఇంటికో ఫిల్టరు అన్నాడు. కొనగలిగిన ఇళ్లు ఎలాగూ కొంటాయి. కూలికి పోయే ఇంట్లో ఆ ఫిల్టరు ఏడాదికి ఆగిపోతే మార్పించే పైసలు ఎక్కడివి? ఇంకో మాట, మామూలు క్యాండిల్ ఫిల్టరు, యూవీ లైటు ఫిల్టరు ఫ్లోరైడ్‌ను ముట్టుకోవు. మరగబెడితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మా ఆఫీసుకు వచ్చి "మేం మరిగించే తాగుతాం సార్" అన్న తల్లులను చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

కాబట్టి నా సలహా: ఆ రెండు లక్షలు బావికి పెట్టండి. పూడిక తీయించి, ఒడ్డు ఎత్తు చేసి, చుట్టూ గచ్చు, పైన జాలీ. చిన్న మోటారు, పదివేల లీటర్ల ట్యాంకు ఒకటి, దానికి ఊళ్లో ఐదారు చోట్ల వేరే నల్లాలు. ఆ నల్లాలకు నీలం రంగు వేయండి. పెద్ద ట్యాంకు లైను వాడుకకు అట్లాగే ఉండనీయండి, దాంతో వీటిని కలపకూడదు.

బావికి రక్షణ కూడా కావాలి. మహారాష్ట్రలో 1993 నుంచే చట్టముంది, ప్రజల తాగునీటి బావికి 500 మీటర్ల లోపు అదే వాలులో అనుమతి లేకుండా ఎవరూ కొత్త బావి, బోరు తవ్వకూడదు. గ్రామపంచాయతీ అధికారితో చెప్పి మీ బావిని తాగునీటి వనరుగా రికార్డులో ఎక్కించండి, అప్పుడే ఆ చట్టం మీకు అక్కరకొస్తుంది. బావికి పై వాలులో వాగు మీద చిన్న కట్ట వేస్తే ఇంకుడు పెరుగుతుంది, పని ఉపాధి హామీలో పెట్టించవచ్చు. పత్తి చేల నీళ్లను మాత్రం నేరుగా బావిలోకి వదలకండి, మందులూ ఎరువులూ అందులోనే వస్తాయి.

---

రాజురా ఆపరేటర్

నమస్తే అక్కా. నేను చంద్రాపూర్ జిల్లాలో ఆర్ఓ ప్లాంటు నడుపుతాను. సార్ చెప్పిన లెక్క నిజమే. అయినా ఆర్ఓ పనికిరాదని మాత్రం అనుకోకండి, బావి లేని ఊళ్లకు అదే దిక్కు. బాగు చేయించేట్టయితే, లేదా రేపు ఇంకో ఊరివాళ్లు ఇది చదివితే వాళ్ల కోసం కొన్ని మాటలు.

టీడీఎస్ మీటరును నమ్మి మోసపోకండి. పెన్ను లాంటి ఆ మీటరు నీళ్లలో ముంచి "చూడండి 80 ఉంది" అని చూపిస్తారు. అది మొత్తం లవణాలు చెప్తుంది, ఫ్లోరైడ్ చెప్పదు. టీడీఎస్ 400 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు, 900 ఉన్నదాంట్లో 0.5 ఉండొచ్చు. రెండూ నేను చూశాను. ఫ్లోరైడ్ కిట్టు వేరే. ఐదు మి.లీ. నీళ్లలో మందు చుక్కలు వేస్తే రంగు గులాబీ నుంచి పసుపు వైపు పోతుంది, ఎంత పసుపైతే అంత ఫ్లోరైడ్. జల్ జీవన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు ఈ కిట్టు నేర్పిస్తారు. మీ ఊరి పేర్లు ఎవరివి ఉన్నాయో అడగండి, కిట్టు ఏ బీరువాలో ఉందో కూడా.

మా దగ్గర ప్లాంటు నిలబడటానికి కారణం ఒప్పందం. పెట్టినవాడికి మొత్తం డబ్బు మొదటిరోజే ఇవ్వలేదు. కొంత పట్టి ఉంచి, ఆర్నెల్లకోసారి నీళ్లు పాసైన రిపోర్టు తెస్తేనే ముక్క ముక్కగా ఇచ్చారు. ఫోన్ చేస్తే మర్నాడు మనిషి వస్తాడు.

వృథా నీళ్లను మేం గుంతలోకి వదలం. ఒక ట్యాంకులో పట్టి, పంచాయతీ మరుగుదొడ్లకు, ట్రాక్టర్లు కడగడానికి ఇస్తాం. కూరగాయల మళ్లకు పోయనివ్వం.

---

ధర్మాబాద్ మాస్టారు

వాన నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. వాన చుక్కలో ఫ్లోరైడ్ ఉండదనే అనుకోవచ్చు. మన వైపు మామూలు ఏడాదిలో 900 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది. కరువనుకుని 700 వేసుకోండి. ఇరవై చదరపు మీటర్ల కప్పు, అంటే ఒక పెద్ద గది మీది స్లాబు. దాని మీద పడేదాంట్లో ఐదో వంతు పోయినా 11,200 లీటర్లు చేతికొస్తుంది. ఐదుగురున్న ఇంటికి మనిషికి 8 లీటర్ల చొప్పున ఎండు నెలలు ఎనిమిదికి కావాల్సింది 9,600. కప్పు సరిపోతుంది. ఖర్చంతా పదివేల లీటర్ల ట్యాంకుదే, ప్రతి ఇంటికీ పెట్టలేం.

కానీ బడికి పెట్టొచ్చు. మా బడిలో రెండు గదుల స్లాబుకు పైపులు దించి, తొలి వానలు బయటికి పోయేలా మూత పెట్టి, తర్వాతి నీళ్లు చీకటి ట్యాంకులోకి పట్టాం. మధ్యాహ్న భోజనం ఆ నీళ్లతోనే వండుతారు. పైసలు అందరికీ సరిపోకుంటే మొదట అంగన్‌వాడీ, బడి. శాశ్వత పళ్ల మీది పొర ఎనిమిదేళ్ల లోపే తయారవుతుంది, ఆ వయసులో తాగిన నీళ్లే పంటి మీద ఉండిపోతాయి. తర్వాత అమృతం పోసినా ఆ మచ్చ పోదు. మీ పాప పళ్లకు పంటి డాక్టరు పైపూత వేయగలరు, నీళ్లతో మాత్రం కాదు. ఇప్పుడు ఊళ్లో ఏడాది రెండేళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క రాయండి. పని వాళ్ల కోసం తొందరగా జరగాలి.

---

ఏఎన్ఎమ్ అక్క

రెండు మాటలు. మీ అత్తమ్మ మెడ ఫ్లోరైడ్ వల్లనే అని మనమే తేల్చొద్దు. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) కోసం జాతీయ కార్యక్రమం 2008-09 నుంచి ఉంది. జిల్లా ఆస్పత్రిలో అడిగితే మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ఎక్స్‌రే చూసి చెప్తారు. ఎముకల్లో చేరింది వెనక్కి తీసే మందు లేదు, కానీ నీళ్లు మార్చి తిండి బాగుపడితే నొప్పులు తగ్గినవాళ్లను చూశాను.

పాలు, పెరుగు, రాగులు, మునగాకు, ఉసిరి, జామ. కాల్షియం, సి విటమిన్ ఉన్నవి ఏవైనా. చింతపండు మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2002లో అచ్చైన పరీక్ష చేసింది. చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోయింది. మన చారు మానకండి. మానాల్సింది నల్ల ఉప్పు, రోజంతా తాగే చిక్కటి టీ డికాషన్, సుపారీ. వీటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. చంటిపిల్లలకు తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ, కాబట్టి ఆరు నెలలు పాలు తప్ప ఏమీ పట్టనివ్వకండి, డబ్బా పాలు బోరు నీళ్లతో కలపడం అయితే అస్సలు వద్దు.

---

పెన్‌గంగ కోడలు

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. మీ జవాబులు ప్రింట్ తీసి నిన్న కమిటీలో చదివాను. సర్పంచ్ మొదట మెంబ్రేన్లే అన్నారు, ఏడు లక్షల ఇరవై వేల జీతం లెక్క వినగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత బోరు మాట ఆయనే తీసేశారు. మే నెలలో బావి తోడి చూడటానికి ఒప్పుకున్నారు.

కానీ రెండు చిక్కులు. ఆ బావికి ముప్ఫై అడుగుల దూరంలో ఒక పశువుల కొట్టం ఉంది, పేడకుప్ప కూడా. వాళ్లు మావాళ్లే, తీయమంటే గొడవ అవుతుంది. రెండోది, బావి నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయని ముసలివాళ్ల భయం. ఇంతకుముందు ఒకసారి అలా జరిగిందట. బ్లీచింగ్ ఎంత వేయాలి సార్? నెలకు ఇంటికి ఎంత వసూలు చేయాలి?

---

కిన్వట్ నీళ్ల ల్యాబ్ (రిటైర్డ్)

ముసలివాళ్ల భయంలో న్యాయముంది అమ్మా, దాన్ని కొట్టేయకండి. తక్కువ లోతు బావికి ఫ్లోరైడ్ బాధ తక్కువ, కానీ పైనుంచి వచ్చే మురికి బాధ ఎక్కువ. పేడకుప్ప దగ్గరుంటే క్రిములే కాదు, నైట్రేటు కూడా దిగుతుంది. నైట్రేటు 45 దాటకూడదు, చంటిపిల్లలకు అది ప్రమాదం. మరగబెట్టినా, బ్లీచింగ్ వేసినా పోదు. మీ రిపోర్టులో ఫ్లోరైడ్ ఒక్కటే చెప్పారు. ఇంకో బాటిల్ పంపి నైట్రేటు, క్రిముల పరీక్ష రెండూ అడగండి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ బాటిలే వాడాలి, గాజుది వద్దు. క్రిములకు మాత్రం ల్యాబు వాళ్లిచ్చే శుభ్రం చేసిన సీసాలోనే పట్టి అదే రోజు అందించాలి. బోరు నీళ్లయితే పది నిమిషాలు వదిలేసి పట్టండి. నైట్రేటు 45 దాటి ఉంటే నేను పైన రాసిందంతా పక్కన పెట్టి మళ్లీ ఆలోచించాలి, కాబట్టి బావి మీద ఒక్క రూపాయి పెట్టకముందే ఇది చేయించండి.

కొట్టం వాళ్లతో గొడవ పడొద్దు. పశువులను ఉండనిచ్చి, పేడకుప్పను మాత్రం కింది వాలుకు మార్చి, అక్కడ గోబర్ గ్యాసో, వర్మీ కంపోస్టు తొట్టో పంచాయతీ పథకంలో వాళ్లకే ఇప్పించండి. కొట్టం నేల గచ్చు చేసి కాలువ అవతలి వైపు తిప్పండి. వాళ్లకు లాభమున్న పని అయితే ఒప్పుకుంటారు.

బ్లీచింగ్ వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. బావి నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీళ్లు అనుకుంటే 37,700 లీటర్లు, అంటే 95 గ్రాములు. మీ బావి కొలిచి ఇదే లెక్క వేసుకోండి. పొడిని నేరుగా చల్లకండి. బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, పైన ఇంకొన్ని నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రం ఇంకో బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో బావిలోకి దించి నీళ్లలో పైకీ కిందికీ ఆడించండి. అడుగున మిగిలిన సున్నపు మడ్డి బావిలో పోయకూడదు. రాత్రి వేసి పొద్దున తోడితే వాసన కూడా ఇబ్బంది పెట్టదు. చివరి నల్లా దగ్గర క్లోరిన్ 0.2 చూపిస్తే చాలు, దానికీ కిట్టులో సీసా ఉంటుంది. పొడి సంచి మూతి కట్టి చీకట్లో పెట్టండి, తెరిచి వదిలేస్తే నెలకే సత్తువ పోతుంది. ట్యాంకు వచ్చాక రోజూ ట్యాంకులోనే వేసుకుంటే సరిపోతుంది.

వసూలు: ఇంటికి నెలకు 30 రూపాయలు. 240 ఇళ్లకు 7,200. మోటారు తిప్పే మనిషికి సగం రోజు పని కాబట్టి మూడు వేలు, కరెంటూ బ్లీచింగూ పోను మిగిలింది విడి ఖాతాలో వేయండి. పంచాయతీ ఖాతాలో కలపొద్దు, మీ బచత్ గట్ పేరున కమిటీ సంతకాలతో ఉంటే మంచిది. మోటారు కాలిన రోజు ఆ డబ్బే ఊరిని కాపాడుతుంది. ఒంటరి ముసలివాళ్ల దగ్గర తీసుకోకండి.

పరీక్ష ఏడాదికి రెండుసార్లు, మే చివర ఒకటి, వానలు వెనక్కి తగ్గాక అక్టోబరులో ఒకటి. బావి 0.6 ఎండాకాలంలో 0.9కి పోవచ్చు, అప్పుడు బడి బోరు నీళ్లు కలపడానికి చోటుండదు. అంకె మారినప్పుడల్లా పాళ్లు మార్చాలి. కొత్త అంకె నీలం ట్యాంకు మీద తేదీతో సహా పెద్దగా రాయించండి, తెలుగులోనూ మరాఠీలోనూ.

మే రిపోర్టు వచ్చాక మూడు అంకెలు ఇక్కడే పెట్టండి: బావి ఫ్లోరైడ్, బావి ఊట, నైట్రేటు. ఊట ఆరు వేల లోపే వస్తే మాస్టారు చెప్పిన వాన ట్యాంకులు బడికీ అంగన్‌వాడీకీ వేసి, బావి నీళ్లు ఇళ్లకు పంచేలా లెక్క మార్చి ఇస్తాను. పాత ఆర్ఓ గది తాళం తీయించి అందులోని ట్యాంకు, పంపు పనికొస్తాయేమో కూడా చూడండి, అవి బాగుంటే మీ రెండు లక్షల్లో కొంత మిగులుతుంది.